త్యాగరాజస్వామి వాఙ్మయమున ఆత్మపరిశీలనము - అభయసిద్ధి

ప్రస్తావన

భయము సర్వప్రాణిసాధారణమైన ధర్మము. పులిని గాంచిన లేడి పరుగెత్తుటయు, నిప్పు తగిలిన చేయి వెనుకకు వచ్చుటయు దేహరక్షణమునకై ప్రకృతి యేర్పరచిన కట్టుబాటులు. వానియందు దోషము లేదు. మనుష్యునకు మాత్రము మరియొక విధమైన భయము కలదు. నలుగురిలో చులకన యగుదునేమో, తప్పు బయటపడునేమో, నమ్మినవారు విడనాడుదురేమో, నాది యనుకొన్నది పరులపాలగునేమో యను భయమది. దానికి పులి యక్కరలేదు. ఒక మాట చాలును; ఒక చూపు చాలును.

ఇట్టి భయము కలిగినపుడు మనుష్యుడు తన చుట్టును గోడ కట్టుకొనును. ఎదుటివాని మాట ముగియకమునుపే ప్రత్యుత్తరము సిద్ధపరచుకొనును. తనలోని కోపమును ఎదుటివానియం దారోపించును. చేజారిన దానిని గూర్చి అది తనకెన్నడును అక్కరలేదని చెప్పుకొనును. బిడియమునకు గాంభీర్యమనియు, పరుషవాక్కునకు సత్యసంధత యనియు పేర్లు పెట్టును. ఈ గోడ కొంతకాలము ఊరట నిచ్చుట నిజమే. కాని గోడ యెంత యెత్తయిన, దాని వెనుక నున్నవాని కనుమానము నంత యెత్తుగనే పెరుగును. రక్షణమునకై కట్టినది క్రమముగా చెరసాల యగును.

ఆధునిక మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమును విస్తరించి పరిశీలించిరి. సిగ్మండ్ ఫ్రాయిడ్ పండితుని కుమార్తెయగు అన్నా ఫ్రాయిడ్ 1936లో ప్రకటించిన గ్రంథమున, అహంకారము తన్ను దాను కాపాడుకొనుటకు పన్ను ఉపాయములను విడివిడిగా వివరించినది. మన ప్రాచీనులును దీనిని ఎరుగనివారు కారు. రెండవ వస్తువు గలదను భావమునుండియే భయము పుట్టునని బృహదారణ్యకోపనిషత్తు చెప్పుచున్నది. భగవద్గీతయందు పదునారవ అధ్యాయమున దైవసంపదను లెక్కించునపుడు అభయమే మొట్టమొదట పేర్కొనబడినది. తక్కిన సద్గుణములకు అభయము పునాది యని వ్యాఖ్యానింపదగును; ఏలయన భయపడువాడు సత్యమును పలుకలేడు, దానము చేయలేడు, క్షమింపలేడు.

అభయము కోరదగినదని అందరును అంగీకరింతురు. అది యెట్లు కలుగునన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానమును తెలుగునేలకు దూరముగా, కావేరీతీరమున, తెలుగుభాషలో వెలసిన త్యాగరాజస్వామి రచనలయందు వెదకుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆయన కృతులను సంగీతదృష్టితో పరిశీలించినవారు పెక్కురు కలరు. భక్తిదృష్టితో వివరించినవారును కలరు. మనస్సు తన్ను దాను దాచుకొను రీతిని, ఆ దాపరికమును వదలుకొను రీతిని ఆయన ఎంత సూక్ష్మముగా గుర్తించెనో ఇచట చూపబూనితిని.

దేశకాలములు

1532 ప్రాంతమున సేవప్పనాయకునితో మొదలైన నాయకరాజ్యము 1673 వరకు తంజావూరున నిలిచినది. ఆ కాలమున తెలుగు అచట రాజాస్థానభాషయై వెలుగొందినది. తరువాత వచ్చిన మహారాష్ట్రప్రభువులును ఆ యాదరమును విడువలేదు. వారిలో శాహజీ స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. కావేరీప్రాంతపు గ్రామములలో తెలుగు కుటుంబములు స్థిరపడినవి. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము ఆ గ్రామమున నృసింహజయంతి సందర్భమున భాగవతమేళముగా నేటికిని తెలుగుననే ప్రదర్శింపబడుచున్నది.

కాకర్ల వంశీయుడైన త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, తిరువైయారున జీవించి, 1847లో అచటనే సిద్ధినొందెను. ఆయన జీవితకాలము నెమ్మదియైన కాలము కాదు. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు సీమను కొల్లగొట్టునాటికి ఆయన పదునాలుగేండ్ల బాలుడు. 1799లో శరభోజి రాజ్యపరిపాలనమును ఈస్టిండియా కంపెనీకి వదలుకొనునాటికి ముప్పదిరెండేండ్లవాడు. రాజాశ్రయమను నీడ చూచుచుండగనే తొలగిపోవుచున్న కాలమది. పైగా ఇంట అన్నదమ్ముల పొరపులును కలవని జీవితకథలు చెప్పుచున్నవి. కావున భయమునకును, కినుకకును ఆయనకు కారణములు కొరవడలేదు. ఆ కారణములను ఆయన ఎట్లు చూచెనన్నదే మనకు ముఖ్యము.

తెర

గౌళిపంతు రాగమున ‘తెర తీయగరాదా’ యను కృతి కలదు. స్వామి తిరుపతికి పోయినపుడు సన్నిధిలో తెర వేసియుండుటచే దర్శనము కాలేదనియు, అపుడు ఈ కృతి పాడగా తెర తొలగెననియు ఐతిహ్యము. ఐతిహ్యము నటుంచి కృతిభావమును పరిశీలింతము. ఆయన తీయుమని వేడినది గర్భాలయపు గుడ్డతెరను కాదు. తనలోని మత్సరమను తెరను.

అరిషడ్వర్గమున ఇతరములను విడిచి మత్సరమునే తెరగా ఏల చెప్పవలెను? కామమునకు కోరిన వస్తువు కావలెను; క్రోధమునకు అడ్డుపడిన వస్తువు కావలెను. మత్సరమునకు పరుని వృద్ధియే చాలును. ఎదుటివాడు ఒక మెట్టెక్కినచో నేను ఒక మెట్టు దిగినట్లు తోచుటయే మత్సరము. దాని లోపలిపొరను విప్పిచూచిన అందున్నది భయమే. నా విలువ నాయందు లేదు, పరులతో పోల్చుటయందే యున్నదను నమ్మకమునుండి ఆ భయము పుట్టుచున్నది. అట్టివాడు ఎవనిని చూచినను ఆ మనుష్యుని చూడడు. తన కొలబద్దనే చూచును. కనుక అది తెర యగుట మిక్కిలి సమంజసము.

ఈ కృతియందలి ఉపమానములను గమనింపవలెను. ఆకలిగొని గాలమున తగులుకొన్న చేప, నిర్మలమైన దీపపు వెలుగునకు అడ్డుపడిన వస్తువు, వలయని తెలియక వచ్చి చిక్కుకొన్న మృగములు - ఇవి అందలి కొన్ని పోలికలు. చేపకు గాలము తెలియదు. లేడికి వల తెలియదు. తెలిసినచో చిక్కుకొనవు. మనస్సు కట్టుకొన్న రక్షణలును ఇట్టివే; అవి రక్షణలని మనకు తెలియనంతవరకే వాని బలము. దీపపు పోలిక మరియొక సంగతిని తెలుపుచున్నది. అడ్డుపడుటచే వెలుగు మనకు అందలేదేకాని దీపము ఆరిపోలేదు. సాధకుడు వెలుగును క్రొత్తగా పుట్టింప నక్కరలేదు. అడ్డును గుర్తించి తొలగించుకొనిన చాలును.

తెర తన్ను దాను తీసికొనలేక భగవంతుని వేడుటయందును ఒక సత్యము కలదు. తెర కట్టిన చేయి తెరను తీయుటకు వెనుకాడును. కాని ‘ఇచట తెర యున్నది’ యని పలుకగలుగుటయే సగము తీసినట్లు.

దుడుకు

ఘనరాగపంచరత్నములలో రెండవదియైన గౌళరాగకృతి ‘దుడుకుగల’ ఈ విషయమున అద్వితీయము. పంచరత్నములలో మొదటిదియైన నాటరాగకృతి భగవద్గుణములను వర్ణించుచుండగా, ఈ రెండవది గాయకుని దోషములను వరుసగా లెక్కించుచున్నది. ఇంద్రియసుఖములకు లోబడుట, అన్యులను తన వశము చేసికొనుటకై ఉపదేశములు చేసి సంతసించుట, స్వరలయము లెరుగకయే, శిలవంటి మనస్సు గలవాడయ్యును, సద్భక్తులతో సమానుడనని చెప్పుకొనుట - ఇట్టివి అందలి కొన్ని. ఇన్ని దోషములు గల నన్ను ఏ దొర బ్రోచునని ఆయన ప్రశ్న.

స్వరలయముల రహస్యమును ఆయనకంటె నెరిగినవా రెవరు? ఆయనయే తన్నుగూర్చి ఇట్లు చెప్పుకొనుట వినయాలంకారమని కొందరు భావింతురు. లోకులను దృష్టియందుంచుకొని చెప్పెనని కొందరు భావింతురు. రెండును కొంతవరకు సరియే కావచ్చును. కాని ఆ దోషముల పట్టికను మరియొకసారి చూచిన, అవి ఒక భక్తగాయకుడు జారిపడుటకు వీలున్న చోటులే యని తెలియును. రాజుల దోషములు గాని, వర్తకుల దోషములు గాని ఆయన ఎత్తలేదు. ఉపదేశించువానికి శిష్యులపై పెత్తనము కోరుట సులభము. పాడువానికి విద్యలేకయే పేరు కోరుట సులభము. భజించువానికి తానే గొప్ప భక్తుడననుకొనుట సులభము. తన బలము గలచోటనే తన బలహీనతను వెదకుట ఇందలి విశేషము. మనము సామాన్యముగా దీనికి విరుద్ధముగా చేయుదుము. మనకు లెక్కలేని చిన్నదోషమును ఒప్పుకొని, పేరుప్రతిష్ఠలు ఆనుకొనియున్న చోటును మాత్రము ఎవరిని తాకనీయము.

ఈ కృతిలో పరనింద లేదు. జీవితకథలు నిజమైనచో, అగ్రజునిపైనను, లోకముపైనను నింద మోపుటకు ఆయనకు ఎంతయో అవకాశము కలదు. దానిని ఆయన వినియోగించుకొనలేదు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. తన దోషములను లెక్కించుకొనుట ఆత్మనిందయై మనస్సును మరింత క్రుంగదీయదా? క్రుంగదీయును, అది నిందతోనే ఆగినచో. పంచరత్నములలో ఐదవదియైన శ్రీరాగకృతి ‘ఎందరో మహానుభావులు’ దీనికి సమాధానము. దుడుకును ఒప్పుకొన్న గాయకుడే, తన తోడివారియందలి గొప్పతనమును మనసార అంగీకరించి మ్రొక్కుచున్నాడు. పరులకు మ్రొక్కుటచే తాను తరుగుదునను భయము అందు లేదు. ఆత్మపరిశీలనము సరిగా జరిగినదనుటకు ఇదియే గుర్తు; పరులను చూచినపుడు మనస్సు బిగిసికొనక విప్పారవలెను. ప్రతి సంవత్సరము పుష్యబహుళపంచమినాడు తిరువైయారున వందలాది గాయకులు ఈ ఐదు కృతులను ఏకకంఠముగా పాడుదురు. అందు పాడు ప్రతివాడును దుడుకును తన నోట పలికి, పిమ్మట మహానుభావులకు మ్రొక్కుచున్నాడు. దీని యర్థమును తలచి పాడినచో ఆ యుత్సవము గొప్ప చిత్తశుద్ధి వ్రతమగును.

మరియొక విశేషము. స్వామి తన భయమును, అలుకను, నిరాశను దాచలేదు. దయ ఏల రాదని అఠాణారాగమున ప్రశ్నించెను. ఆరభీరాగపు పంచరత్నమున కృష్ణుని నిష్ఠూరమాడెను. భయమును అణచుట వేరు, భయమును దాటుట వేరు. అణచిన భయము వేషము మార్చుకొని కోపముగనో, హేళనముగనో తిరిగి వచ్చును. పలికిన భయము వినబడును; వినబడినదానిని పరిశీలింపవచ్చును. ఆయన ‘ఓ మనసా’ యని తన మనస్సును ఎదుట నిలిపి మాటలాడిన కృతులు పెక్కులు కలవు. మనస్సును సంబోధించుచున్న క్షణమున సంబోధించువాడు దానికంటె వేరుగా నిలిచినవాడగుచున్నాడు. ఆత్మజ్ఞానమునకు ఇది తొలిమెట్టు.

నావ

త్యాగరాజస్వామి రచించిన గేయనాటకములలో నౌకాచరిత్రము ఈ విషయమునకు ఆయువుపట్టు. ఇరువదియొక్క కృతులు గల ఈ చిన్నరూపకపు కథ భాగవతమున లేదు. గోపికలు యమునలో నౌకావిహారము చేయగోరుదురు. బాలకృష్ణుడు తానును వచ్చెదననును. పసివాడవు, నీవు ఓడ నడుపుట యెట్లని వారు వారింతురు. తుదకు ఆయనను చేర్చుకొందురు. సారంగరాగమున ‘ఓడను జరిపే ముచ్చట’ యను కృతి ఆ విహారపు వేడుకను తెలుపును. ఆ యానందమున గోపికలకు క్రమముగా గర్వము కలుగును. తమ సౌందర్యమునకు కృష్ణుడు దాసుడైనాడని తలతురు. అపుడు తుపాను పుట్టును. ‘అల్లకల్లోలమాయె’ యను సౌరాష్ట్రరాగకృతి ఆ భయంకరస్థితిని వర్ణించును. ఓడకు రంధ్రము పడి నీరు లోనికి వచ్చును.

ఇందు తుపాను ఏ సమయమున పుట్టినదో గమనింపవలెను. ప్రేమించుచున్నంతవరకు గోపికలకు భయము లేదు. ప్రేమ ఆస్తిగా మారిన క్షణమున, ‘ఆయన మావాడు, మేము గెలిచితిమి’ యనుకొన్న క్షణమున, గాలి లేచినది. కల్గినదానిని పోగొట్టుకొందునను భయము కల్గినదనుకొన్నవానికే కలుగును. గర్వమును, భయమును విరుద్ధములని మన మనుకొందుము. అవి ఒకే నాణెమునకు రెండువైపులని ఈ కథ తెలుపుచున్నది. మిక్కిలి గర్వముగా కనబడు మనుష్యుడు మిక్కిలి భయపడుచున్నవాడు కావచ్చునను ఎరుక మనకున్నచో, ఎందరినో క్షమింపగలుగుదుము. మనలను మనము గుర్తింపగలుగుదుము.

భయమున బడిన గోపికలు తమ ప్రాణములకన్న బాలకృష్ణుని గూర్చియే దుఃఖింతురు. గర్వపు గోడకు పడిన మొదటి బీట అదియే. తనకై భయపడుట మనస్సును ముడిచికొనజేయును. పరునికై తల్లడిల్లుట మనస్సును తెరచును. అపుడు కృష్ణుడొక ఉపాయము చెప్పును. వారి వస్త్రములను విప్పి ఆ రంధ్రమున కడ్డుపెట్టవలెనట. కులస్త్రీలకు మానమునకు మించిన రక్షణము లేదు. ఐనను వారు ఆ పలుకును వేదవాక్యముగా నెంచి అట్లే చేసిరని మోహనరాగకృతి ‘వేదవాక్యమని’ తెలుపుచున్నది. తుపాను అణగును, నావ తీరము చేరును.

భాగవతము దశమస్కంధమున గోపికావస్త్రాపహరణము ప్రసిద్ధము. అచట కృష్ణుడు వస్త్రములను తీసికొనిపోవును. ఇచట గోపికలు తమంత తాము ఇచ్చుచున్నారు. ఈ భేదము అల్పమైనది కాదు. ఒకరి ఆవరణమును బలాత్కారముగా తొలగించిన అది అవమానమగును. వాడు మరింత మందమైన వస్త్రమును కప్పుకొనును. తానై తొలగించుకొన్నపుడు అది సమర్పణమగును. లోకమున ఎదుటివాని దోషమును సభలో విప్పి, ‘నీ మేలుకొరకే’ యని చెప్పువారు ఈ భేదమును గ్రహింపవలెను. ఆత్మపరిశీలనము ఎవనికి వాడు చేసికొనవలసినదేకాని పరునికి చేయదగినది కాదు.

ఇంకొక సూక్ష్మము. గోపికలు వస్త్రములను నదిలో పారవైవలేదు. రంధ్రమును మూయుటకు వినియోగించిరి. తమ్ము దాచుటకు ధరించినదే తమ్ము రక్షించుటకు పనికివచ్చినది. మన రక్షణోపాయములయందును ఎంతయో శక్తి దాగియున్నది. ఎదుటివాని మాటలోని ప్రతి పొల్లును పసిగట్టు జాగరూకత, ప్రత్యుత్తరము కూర్చు చురుకుదనము, అవమానమును ఏండ్లతరబడి మరువని జ్ఞాపకము - ఇవి శక్తులు కాకపోవు. ఆ జాగరూకతయే తన మనస్సువైపు తిరిగిన ఆత్మపరిశీలనమగును. ఆ జ్ఞాపకమే పరుల బాధవైపు తిరిగిన కరుణయగును. త్యజింపవలసినది శక్తిని కాదు, దాని వినియోగమును మార్చవలెను.

కవచము

ఆవరణములనన్నిటిని విడిచినవాడు నిరాయుధుడై లోకమున ఎట్లు నిలుచునను ప్రశ్నకు హంసనాదరాగకృతి ‘బంటురీతి’ సమాధానము. అందు స్వామి రాముని కొలువున భటునిగా నుండుటను కోరుచున్నాడు. భటునికి కవచము, బిళ్ళ, ఖడ్గము కావలెను. రోమాంచమే కవచము, రామభక్తుడను ముద్రయే బిళ్ళ, రామనామమే ఖడ్గము. ఆ ఖడ్గమునకు గురియగువారు కామమదాదులు. అనగా లోపలి శత్రువులు.

రోమాంచము కవచమగుట ఆలోచింపదగినది. కవచము సామాన్యముగా స్పర్శను అడ్డగించుటకై యున్నది. రోమాంచమో, స్పర్శకు శరీరము స్పందించుటచే కలుగును. స్పందించుటయే రక్షణమని స్వామి యభిప్రాయము. రాయివలె నుండుట ధైర్యముకాదని, శిలాత్ముడగుట దోషమని ‘దుడుకుగల’ కృతిలో చెప్పినమాటయు దీనితో సరిపోవుచున్నది.

ప్రహ్లాదభక్తివిజయమను ఐదంకముల నాటకమునందును ఇదేభావము కలదు. ప్రహ్లాదకథయనగనే హిరణ్యకశిపుడు, స్తంభము, నృసింహుడు మనకు స్ఫురింతురు. ఈ నాటకమున హిరణ్యకశిపుడు రంగమున కనబడడు. ప్రహ్లాదుడు నాగపాశబద్ధుడై సముద్రమున బడియున్న స్థితితో కథ మొదలగును. శత్రువు లేని రంగమున మిగిలినది ప్రహ్లాదుని ఆర్తి మాత్రమే. ఇందలి రీతిగౌళకృతి ‘నన్ను విడచి కదలకురా’ భగవద్వియోగమును సహింపలేని వేదన. పాములకు, సముద్రమునకు భయపడని బాలుడు వియోగమునకు భయపడుచున్నాడు. అభయమనగా ఏమియు పట్టని స్థితి యని కొంద రనుకొందురు. ప్రియమైనదానిని దాపరికములేక ప్రేమించుచు, ఆ ప్రేమవలన కలుగు నొప్పిని అంగీకరించుటయే అభయమని ఈ పాత్ర తెలుపుచున్నది.

సాధనము

ఈ రచనలనుండి గ్రహింపదగిన సాధనక్రమమును సంగ్రహముగా చెప్పవచ్చును. మొదటిది గుర్తించుట. ప్రశ్న ముగియకమునుపే ప్రత్యుత్తరము నాలుకపైకి వచ్చినచో, చిన్నమాటకు పెద్దకోపము వచ్చినచో, అచట తెర యున్నదని తెలిసికొనవలెను. రెండవది సంబోధించుట. ‘మనసా, నీవు దేనిని కాపాడుచున్నావు? అది నిజముగా నీదేనా?’ యని అడుగవలెను. మూడవది పలుకుట. దైవము నెదుటనో, నమ్మదగిన ఆప్తుని యెదుటనో భయమును భయముగా చెప్పవలెను. నాలుగవది ఇచ్చుట. అన్ని ఆవరణములను ఒక్కసారి విడువలేము. ఒక్క తప్పును ఒప్పుకొనుట, ఒక్కరి గొప్పతనమును మనసార మెచ్చుకొనుట, ఒక్క వాదమును గెలువక విడచుట - ఇట్టివానితో మొదలుపెట్టిన చాలును.

దీనికి రెండు హద్దులు కలవు. నిజమైన హాని చేయువాని యెదుట తలుపు తెరచియుంచుట సాధనము కాదు. అచట తగిన రక్షణము ధర్మమే. మరియు నిద్రాహారములను చెరచి, దినకృత్యములను స్తంభింపజేయు భయము వ్యాధి కావచ్చును. దానికి వైద్యుని సహాయము పొందుట భక్తికి గాని, జ్ఞానమునకు గాని లోపము కాదు.

తెలుగునేలకు వెలుపలి తెలుగువారు

ఈ సంపుటమును చదువువారు తరతరములుగా తెలుగునేలకు వెలుపల నివసించుచున్నవారు. కావున మన సమష్టిమనస్సునందలి భయమును గూర్చి ఒక్కమాట చెప్పక తీరదు. మన భాష మన పిల్లలతో అంతరించునేమో యను భయము హోసూరున, బళ్ళారిలో, బరంపురమున, షోలాపురమున ఒక్కరీతిగనే వినవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. తమిళనాట 2006లో తమిళాభ్యాసచట్టము వచ్చిన పిదప పాఠశాలలలో మాతృభాషాబోధనమును గూర్చి తెలుగు కుటుంబములలో కలిగిన ఆందోళన ఎల్లరు నెరిగినదే. హక్కులకొరకు న్యాయమార్గమున ప్రయత్నించుట తగినదే. ఐనను ఆ భయము మనలో రెండు గోడలను కట్టినది. వానిని గుర్తింపవలెను.

మొదటిది ఆడంబరము. ప్రాచీనవైభవమును పదేపదే చాటుచు, ఇరుగుపొరుగువారి భాషను చిన్నచూపు చూచుట. రెండవది దాపరికము. మన ఇంటి తెలుగు చెడిన తెలుగని సిగ్గుపడి, తెలుగునేలనుండి వచ్చిన చుట్టము ఎదుట నోరు విప్పకుండుట, పిల్లలతో వీథిలో తెలుగున మాటలాడకుండుట. ఒకటి గర్వముగను, ఒకటి న్యూనతగను కనబడుచున్నవి. రెండింటికిని తల్లి ఒక్క భయమే. రెండింటివలనను భాష నష్టపోవుచున్నది. ఆడంబరము పిల్లలకు విసుగు పుట్టించును. సిగ్గు వారి నోరు కట్టివేయును.

త్యాగరాజస్వామి తమిళదేశమున నుండి తెలుగున పాడెను. ఎవరిమీదను కినుకతో పాడలేదు. తన హృదయభాష అదియగుటచే పాడెను. ఆ పాటలను కాపాడినవారెవరు? వాలాజాపేట వేంకటరమణభాగవతులు సౌరాష్ట్రుడు. ఆ శిష్యపరంపర వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్రసభయందు భద్రపరుపబడినవి. ఉమయాళ్పురము, తిల్లైస్థానము పరంపరలవారు కావేరీతీరపు గ్రామములవారు. శిథిలమగుచున్న సమాధిస్థలమున మందిరమును కట్టించి 1926లో ప్రతిష్ఠ చేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ మైసూరుసీమలో పుట్టిన విదుషీమణి. స్త్రీలకు ఆ యుత్సవమున పాడు అవకాశము లేని రోజులలో ఆమె ఆ స్థలమును విడిచి పోలేదు. తన సొమ్మును వెచ్చించి మందిరమును నిర్మించి, స్త్రీలను కూర్చుకొని అచటనే పాడినది. కాలక్రమమున అందరును కలిసి పాడు రోజు వచ్చినది.

తెలుగును కోటలో దాచియుంచిన ఈ సంపద మనకు దక్కియుండెడిది కాదు. తమిళులును, సౌరాష్ట్రులును, కన్నడిగులును తమ గొంతులలో దీనికి చోటిచ్చిరి, అందుచే నిలిచినది. కావున మన పిల్లలకు మన తెలుగును, అది ఏ యాసతో నున్నను, సిగ్గుపడక ఇత్తము. పొరుగువారికిని వినిపింతము, వారి భాషను ఆదరముతో నేర్తము. దాచుకొన్న వస్త్రములు నావను నిలుపలేదు. విప్పి ఇచ్చినవి నిలిపినవి. మన నావకును ఆ ఉపాయమే తగియున్నదని నా విశ్వాసము.